అది ముంగిస కాదు: మా ఇంట్లో ఫెర్రెట్‌తో తొలి ఏడాది

(విజయవాడ సత్యనారాయణపురంలోని ఒక గ్రంథాలయం హాలులో, ఉగాది వెళ్లిన పది రోజులకు, ఆదివారం సాయంత్రం ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

లోపలికి వస్తుంటే గుమ్మం దగ్గరే నలుగురు పిల్లలు నన్ను ఆపారు. "టీచర్, గవ్వను తీసుకురాలేదా?" అని అడిగారు. వాళ్ల ముఖాలు చిన్నబోవడం చూసి నాకూ బాధ కలిగింది. గవ్వ మా ఇంట్లో పెరుగుతున్న ఫెర్రెట్. దాన్ని కావాలనే తీసుకురాలేదు. ఇప్పుడు సాయంత్రం అయిదున్నర అయింది. బయట ఇంకా 36 డిగ్రీల వేడి ఉంది. ఈ హాలులో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఆ గాలి మనకు సరిపోతుంది, గవ్వకు సరిపోదు. ఎందుకు సరిపోదో తెలుసుకోవడానికి మా ఇంట్లో ఒక ప్రాణం దాదాపు పోయినంత పని అయింది. ఆ మాట చెప్పాలనే, ఎండలు ముదిరేలోగా మాట్లాడే అవకాశం ఇవ్వమని గ్రంథాలయం వారిని నేనే అడిగాను.

నేను పశువైద్యురాలిని కాను. ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. మూడున్నరేళ్ల కిందట, కార్తీక మాసంలో, బెంగళూరులో ఉద్యోగం చేసే మా తమ్ముడు ఒక ప్లాస్టిక్ బుట్టతో ఇంటికి వచ్చాడు. "అక్కా, నన్ను రెండేళ్లపాటు జర్మనీ పంపుతున్నారు. దీన్ని నువ్వు చూసుకోవాలి" అన్నాడు. మా అబ్బాయి బుట్ట మూత తీశాడు. లోపల పాత తువ్వాలు మీద, గవ్వలా చుట్టుకుని పడుకున్న చిన్న జంతువు కనిపించింది. గోధుమ రంగు ఒళ్లు, నల్లని కాళ్లు, కళ్ల చుట్టూ గంతలు కట్టినట్టు నల్లని పట్టీ. నాలుగు నెలల ఆడపిల్ల. ఆ పడుకున్న తీరు చూసి మా అబ్బాయి అప్పటికప్పుడే గవ్వ అని పేరు పెట్టాడు. మా అత్తయ్యగారు చూసి, "ముంగిస పిల్లను ఇంట్లోకి తెచ్చారేమిటి?" అన్నారు.

ఆమె ఒక్కరే కాదు. వీధిలో అందరూ అదే మాట అన్నారు. మనకు ముంగిస అంటే ఉయ్యాలలోని పసిబిడ్డను పాము నుంచి కాపాడిన కథ గుర్తుకు వస్తుంది కాబట్టి, ప్రేమగానే అన్నారు. కానీ ముంగిసకూ దీనికీ దగ్గరి చుట్టరికం లేదు. ఫెర్రెట్ అన్నది ఐరోపాలోని పోల్‌క్యాట్ అనే అడవి జంతువు నుంచి వచ్చిన పెంపుడు జాతి. మన కృష్ణా డెల్టా మడ అడవుల వైపు తిరిగే నీటికుక్కలు దీనికి దాయాదులు. కుందేళ్ల బొరియల్లోకి పంపి వాటిని బయటికి తరిమించడానికి మనుషులు దీన్ని రెండు వేల ఏళ్లకు పైగా పెంచుతూ వచ్చారు. ఫెర్రెట్ అన్న పేరుకు లాటిన్ మూలంలో 'చిన్న దొంగ' అని అర్థం. ఆ పేరు ఎంత సరైనదో తర్వాత చెబుతాను.

ముంగిస గురించి ఇంకొక మాట ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం ముంగిసను ఇంట్లో పెంచడం నేరం. మేము ముంగిసను బంధించామని ఎవరో ఫిర్యాదు చేయబోయారు కూడా. తమ్ముడు కొన్నప్పటి రసీదు మా దగ్గర ఉంది కాబట్టి ఇబ్బంది పడలేదు. మీలో ఎవరైనా ఫెర్రెట్‌ను కొనాలనుకుంటే, 2018 నాటి పెట్ షాపు నియమాల కింద నమోదైన దుకాణంలోనే కొనండి, రసీదు భద్రంగా దాచుకోండి.

అసలు విషయానికి వస్తాను. మొదటి ఏడాది మేము చాలా తప్పులు చేశాము. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే వాటన్నిటికీ మూలం ఒక్కటే. దాన్ని దానిగా చూడలేదు. అన్నం పెట్టేటప్పుడు పిల్లి అనుకున్నాము. స్నానం చేయించేటప్పుడు కుక్క అనుకున్నాము. పంజరంలో పెట్టేటప్పుడు కుందేలు అనుకున్నాము. ఎండలో మనిషి అనుకున్నాము. అలా అనుకున్న ప్రతిసారీ దెబ్బ తగిలింది దానికే.

మొదటి రోజు నేను పెరుగన్నం పెట్టాను. మా పెరట్లోకి వచ్చే పిల్లులు పెరుగన్నం తింటాయి మరి. ఇది నాలుగు మెతుకులు నాకి ఊరుకుంది. మర్నాడు పాలు పోశాను. సాయంత్రానికి విరేచనాలు పట్టుకున్నాయి. తమ్ముడికి ఫోను చేస్తే వాడు నన్ను కోప్పడ్డాడు, అది న్యాయమే. ఫెర్రెట్ పూర్తిగా మాంసాహారి. పిండి పదార్థాలను, పీచును అరిగించుకునే ఏర్పాటు దాని పేగుల్లో లేదు. పేగు చాలా పొట్టిది. తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికి వచ్చేస్తుంది. అందుకే రోజుకు రెండు పూటలు పెట్టి ఊరుకుంటే కుదరదు, ఆకలి వేసినప్పుడల్లా తినడానికి ఏదో ఒకటి అందుబాటులో ఉండాలి.

మాది శాకాహారం వండుకునే ఇల్లు. అత్తయ్యగారి మడి, వంటిల్లు, పూజగది అన్నీ ఒక పద్ధతిలో ఉంటాయి. ఆ ఇంట్లోకి కోడిమాంసం రావాలి. వారం రోజులు ఆ విషయం ఎవరమూ నోరు తెరిచి మాట్లాడుకోలేదు. నేను తమ్ముడు ఇచ్చి వెళ్లిన డబ్బా తిండి పెడుతూ రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. చివరికి అత్తయ్యగారే ఒక రోజు వరండాలో కూర్చుని, "దేవుడు దాన్ని అలా పుట్టించాడు. దాని తిండి తప్పు కాదు, దాన్ని మనం పస్తు ఉంచితే తప్పు. నా వంటింట్లోకి మాత్రం రానివ్వకు" అన్నారు. వెనక వరండాలో ఒక చిన్న ఫ్రిజ్, విడిగా కత్తి, పీట, గిన్నె పెట్టుకున్నాము. మా వారు ఆదివారం పొద్దున్నే చికెన్ కొట్టుకు వెళ్లి గుండెకాయలు, కందనకాయలు, కొంచెం కార్జం, మెత్తని ఎముక ఉన్న మెడ ముక్కలు తెస్తారు. యాభై ఏళ్ల జీవితంలో ఆయన ఆ కొట్టు మెట్లు ఎక్కడం అదే మొదలు. ఈ ఇబ్బంది మా ఒక్కరిదే కాదు, ఈ పేటలో చాలా ఇళ్లది కాబట్టి వివరంగా చెబుతున్నాను. జంతువును తెచ్చుకోకముందే ఇంట్లో పెద్దవాళ్లతో ఈ మాట తేల్చుకోవాలి. తెచ్చిన తర్వాత దానికి శాకాహారం అలవాటు చేద్దామనుకుంటే అది నెమ్మదిగా చంపడమే అవుతుంది.

మాంసం తాకలేని ఇళ్లవారు ఫెర్రెట్ల కోసం తయారైన గుళికలు వాడవచ్చు. అవి దొరకనప్పుడు, మాంసకృత్తులు బాగా ఉన్న పిల్లికూనల తిండి కొంతవరకు పనికి వస్తుంది. కుక్కల తిండిలో ధాన్యం ఎక్కువ, అది వద్దు. ఇంకొక చిక్కు ఉంది. ఫెర్రెట్ మొదటి ఆరు నెలల్లో ఏ వాసన తిండికి అలవాటు పడుతుందో, ఆ తర్వాత అదే తిండి అనుకుంటుంది. కొత్తది పెడితే పస్తు ఉంటుంది గానీ ముట్టదు. గవ్వ నాలుగు నెలల వయసులో రావడం మా అదృష్టం. ఆ రెండు నెలల్లోనే మాంసమూ గుళికలూ రెండూ అలవాటు చేయగలిగాము.

ఇక నిద్ర. ఫెర్రెట్ రోజుకు 14 నుంచి 18 గంటలు నిద్రపోతుంది. తెల్లవారుజామున, సంధ్యవేళ చురుకుగా ఉంటుంది. ఈ సంగతి మాకు తెలుసు. తెలియనిది ఆ నిద్ర ఎంత గాఢంగా ఉంటుందన్నది. వచ్చిన పదో రోజున దాన్ని ఎత్తుకుంటే మెడ వాలిపోయింది. పిలిచినా కదల్లేదు. కుదిపినా కదల్లేదు. మా అబ్బాయి ఏడవడం మొదలుపెట్టాడు. అత్తయ్యగారు తులసి తీర్థం తెచ్చారు. రెండు నిమిషాల తర్వాత అది ఆవులించి, మా అందరి వైపూ చూసి, మళ్లీ కళ్లు మూసుకుంది. అది జబ్బు కాదు, ఆ జాతి నిద్రే అంత. అయితే చిగుళ్లు పాలిపోయినా, చొంగ కారుతున్నా, లేచాక వెనక కాళ్లు ఈడుస్తున్నా మాత్రం అది నిద్ర కాదు. రక్తంలో చక్కెర పడిపోయి ఉండవచ్చు. చిగుళ్లకు కొంచెం తేనె రాసి వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. ఈ రెండిటికీ తేడా తెలుసుకోవడం పెంచేవాళ్ల మొదటి పాఠం అంటాను.

మెలకువగా ఉన్నప్పుడు దానికి మనం కావాలి. మొదట్లో నేను బడికి వెళ్తూ పంజరంలో పెట్టి, వచ్చాక కూడా వంట పనిలో పడి అందులోనే ఉంచేదాన్ని. ఆ రోజుల్లో అది చువ్వలు కొరికి పెదవి చీల్చుకుంది. ఇప్పుడు పొద్దున ఒక గంటన్నర, సాయంత్రం రెండు గంటలు బయట ఉంటుంది, ఎవరో ఒకరు దాని వెంటే ఉంటారు. మొదటిసారి హాలులో వదిలినప్పుడు వీపు విల్లులా వంచి, నోరు తెరిచి, పక్కకు పక్కకు గెంతుతూ గోడలకు, కుర్చీలకు తగులుకుంది. గొంతులోంచి కోడిపెట్ట గొణిగినట్టు చప్పుడు చేసింది. మూర్ఛ వచ్చిందని భయపడ్డాను. కాదు, అది సంతోషం. ఆనందం పట్టలేనప్పుడు ఫెర్రెట్లు అలా గెంతుతాయి. ఇప్పుడు బడి నుంచి అలసిపోయి వచ్చిన రోజు ఆ గెంతులు చూస్తే నాకు కాళ్ల నొప్పులు గుర్తుండవు.

కొరకడం గురించి అందరూ అడుగుతారు. అవును, కొరుకుతుంది. ఫెర్రెట్ పిల్లలు ఒకదాని మెడ ఒకటి కొరుక్కుంటూ ఆడుకుంటాయి. వాటి చర్మం మందం. మన చర్మం అంత మందం కాదని వాటికి తెలియదు. మా అబ్బాయి చేతుల మీద నెలన్నరపాటు రక్తపు చుక్కలే. ఒకసారి మా వారు కోపంతో దాని ముక్కు మీద కొట్టారు. ఆ తర్వాత వారం రోజులు అది భయంతో ఇంకా గట్టిగా కొరికింది. కొడితే ఆ చేయి శత్రువు అవుతుంది. మేము చేసింది ఏమిటంటే, కొరికిన ప్రతిసారీ ఒకే మాట, "వద్దు" అని గట్టిగా చెప్పి, మూడు నాలుగు నిమిషాలు ఒంటరిగా బుట్టలో ఉంచడం. ఇంట్లో నలుగురమూ ఒకే విధంగా చేయాలి, ఒకరు ముద్దు చేసి ఒకరు తిడితే దానికి అర్థం కాదు. సంక్రాంతి నాటికి కొరకడం ఆగింది.

వాసన ఉంటుంది. ఉండదని ఎవరైనా చెబితే నమ్మకండి. ఒంట్లో నూనె గ్రంథుల వల్ల కస్తూరిలాంటి ఘాటు వాసన వస్తుంది. ఇంటికి చుట్టాలు వస్తారని నేను వారం వారం స్నానం చేయించాను. స్నానం చేయించే కొద్దీ వాసన పెరిగింది. చర్మం పొడిబారితే శరీరం ఇంకా ఎక్కువ నూనె ఊరుస్తుందట. ఇప్పుడు రెండు నెలలకోసారి స్నానం. దాని బదులు అది పడుకునే గుడ్డలు మూడు రోజులకోసారి ఉతుకుతాను. వాసన సగానికి తగ్గింది. మల మూత్రాలకు అది మూలలు వెతుక్కుంటుంది, వెనక్కి వెనక్కి నడిచి గోడకు ఆనుకుని కూర్చుంటుంది. కాబట్టి అది తిరిగే గదుల్లో ప్రతి మూలా కాగితం పరచిన ట్రే ఉంటుంది. పూజగది తలుపు వేసి ఉంటుంది.

చిన్న దొంగ అన్నాను కదా. మా ఇంట్లో నెల రోజుల్లో పోయినవి చెబుతాను. మా వారి కళ్లజోడు గుడ్డ, రెండు సాక్సులు, అబ్బాయి రబ్బర్లు, అత్తయ్యగారి జపమాల సంచి. అన్నీ బీరువా కింద దొరికాయి, శ్రద్ధగా పేర్చి పెట్టింది. అంతవరకు ముచ్చటే. ఒక రోజు కుక్కరు గాస్కెట్ ఎత్తుకెళ్లి నమలడం మొదలుపెట్టింది. తెగిన ముక్క దాని నోట్లోంచి నేనే తీశాను. ఆ రాత్రి నిద్రపోలేదు. రబ్బరు, స్పాంజి, నురుగు దిండు ముక్కలు ఫెర్రెట్ పేగుల్లో అడ్డం పడితే ఆపరేషన్ తప్ప మార్గం ఉండదు, ఆలస్యమైతే ప్రాణం పోతుంది. తిండి మానేయడం, వాంతి, మలం సన్నగా రావడం దాని గుర్తులు. అప్పటి నుంచి ఇల్లు మారిపోయింది. హవాయి చెప్పులు అలమరలోకి వెళ్లాయి. పెరటి తూముకు జాలీ పడింది. వాషింగ్ మెషీన్ వెనక పలక బిగించాము. తల దూరిన చోట దాని ఒళ్లంతా దూరుతుంది, ఆ లెక్కన నేల మీద పడుకుని ప్రతి కన్నం వెతకాలి.

ఇప్పుడు చెప్పబోయేది కొంచెం సున్నితమైన విషయం. పిల్లలు ఉన్నారు, అయినా చెప్పాలి. ఇది తెలియకే చాలా ఆడ ఫెర్రెట్లు చనిపోతాయి. ఆడ ఫెర్రెట్ ఎదకు వస్తే, మగదానితో కలిసేవరకు ఆ స్థితి దానంతట అది చల్లారదు, నెలల తరబడి అలాగే కొనసాగవచ్చు. అన్నాళ్లూ శరీరంలో ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఎక్కువగా ఉంటుంది. అది ఎముకల్లోని మూలుగను దెబ్బతీస్తుంది. మూలుగ రక్తం తయారు చేయడం మానేస్తుంది. జంతువు పాలిపోయి, నీరసించి పోతుంది. మాకు ఇది తెలిసింది మాఘ మాసంలో, మా అబ్బాయి దాని వెనక భాగం వాచిందని చూపించినప్పుడు.

మొదట వెళ్లిన ఆసుపత్రిలో "పిల్లికి ఇచ్చే మందు ఇస్తాము, తగ్గుతుంది" అన్నారు. నాకు మనసు ఒప్పలేదు. రెండో డాక్టరు చిన్న వయసు ఆయన. దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "అమ్మా, నేను ఇప్పటిదాకా ఒక్క ఫెర్రెట్‌కూ ఆపరేషన్ చేయలేదు. మీరు రెండు రోజులు గడువు ఇస్తే చేసినవాళ్లను అడిగి, చదువుకుని చెబుతాను" అన్నారు. ఆ మాట విన్నాక నాకు ఆయన మీద గౌరవం కలిగింది. రెండు రోజులకు హైదరాబాదులోని ఒక పెద్ద డాక్టరుతో మాట్లాడి, రక్తపరీక్ష చేసి, అండాశయాలు తొలగించే ఆపరేషన్ చేశారు. కుక్కల్లా రాత్రంతా పస్తు ఉంచకూడదని, మూడు నాలుగు గంటలు చాలని కూడా ఆయన తెలుసుకుని చెప్పారు. మనకు గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, ఊరినిండా పెంపుడు జంతువుల ఆసుపత్రులు ఉన్నాయి. అయినా "మీరు ఫెర్రెట్‌ను చూశారా, ఆపరేషన్ చేశారా" అని ముందు అడగండి. జంతువును కొనకముందే అడగండి. జబ్బు చేశాక వెతకడానికి సమయం చాలదు.

టీకాల విషయం తొందరగా చెబుతాను. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు ఫెర్రెట్‌కు సోకితే అది దాదాపు బతకదు. వీధి కుక్కలు తిరిగే చోట ఆ వైరస్ మన చెప్పులకు అంటుకుని రావచ్చు. చెప్పులు గుమ్మం బయట విడిచే అలవాటు మనకు ఎలాగూ ఉంది, దాన్ని గట్టిగా పాటించండి. కుక్కల టీకాలన్నీ దీనికి పనికిరావు, కొన్ని ఆ జబ్బునే తెచ్చిపెడతాయి. ఏది సురక్షితమో డాక్టరు తేల్చాలి. రేబిస్ టీకా కూడా ఉంది.

మన ఫ్లూ జ్వరం కూడా దీనికి అంటుకుంటుంది. 1933లో లండన్‌లో విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, ప్యాట్రిక్ లేడ్‌లా అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఫ్లూ రోగుల గొంతు కడిగిన నీటిని ఫెర్రెట్ల ముక్కుల్లో వేశారు. వాటికి జ్వరం, తుమ్ములు వచ్చాయి. మనుషుల ఫ్లూకు కారణం వైరస్ అని అలా రుజువైంది. తర్వాత ఫెర్రెట్ నుంచి పరిశోధకుడికి ఫ్లూ సోకినట్టు కూడా నమోదైంది. మన ఫ్లూ టీకాల పరిశోధనలో ఆ జంతువుల రుణం ఎంతో ఉంది. మా అబ్బాయికి ఫ్లూ వచ్చినప్పుడు వాడు వారం రోజులు గవ్వ గదిలోకి వెళ్లలేదు. తలుపు బయట కూర్చుని మాట్లాడేవాడు. ఈ రోజు ఇంతమంది మధ్యకు దాన్ని తీసుకురాకపోవడానికి ఇది కూడా ఒక కారణం.

ఇక ఎండ.

ఫెర్రెట్‌కు హాయిగా ఉండేది 15 నుంచి 24 డిగ్రీల మధ్య. 27 దాటితే ఇబ్బంది మొదలవుతుంది, 30 దాటితే ప్రమాదం. మన ఊరి సంగతి మీకు తెలుసు. ఏప్రిల్‌లోనే 40 వస్తుంది, రోహిణి కార్తెకు 44, 45 చూడటం మనకు కొత్త కాదు. రాత్రి కూడా 30కి దిగని రోజులు ఉంటాయి. అంటే కనీసం మూడు నెలలు మన ఊరి గాలి ఆ జంతువుకు ప్రమాదమే.

మొదటి వేసవిలో మేము దాని గదిలో ఏసీ పెట్టాము. అంతవరకు జాగ్రత్త పడ్డాము. మే నెలలో ఒక మధ్యాహ్నం నేను పదో తరగతి పేపర్లు దిద్దడానికి వెళ్లాను. మా వారు ఆఫీసులో, అబ్బాయి గుంటూరులో వాళ్ల పిన్ని ఇంట్లో ఉన్నారు. ఇంట్లో అత్తయ్యగారు ఒక్కరే. ఒంటి గంటకు కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద ఫ్యాను తిరుగుతోంది, అది చాలనుకున్నాము అందరమూ. మనిషికి ఫ్యాను ఎందుకు చల్లగా ఉంటుంది? మన ఒంటికి పట్టిన చెమటను గాలి ఆరబెడుతుంది కాబట్టి. ఫెర్రెట్‌కు మనలా చెమట పట్టదు. ఆరడానికి చెమట లేనప్పుడు ఫ్యాను చేసేది వేడిగాలిని దాని ఒంటి మీదికి తోయడం ఒక్కటే. ఎయిర్ కూలర్ కూడా మన తేమ గాలిలో పెద్దగా ఆదుకోదు.

రెండున్నరకు అత్తయ్యగారు మందులు వేసుకోవడానికి లేచి, ఎందుకో గది తలుపు తీసి చూశారట. గవ్వ కడప బండ మీద నాలుగు కాళ్లూ చాపి, బోర్లా పడి ఉంది. నోరు తెరిచి రొప్పుతోంది. చిగుళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆమెకు 74 ఏళ్లు. మాంసం తినే జంతువని దాన్ని ఆ రోజు వరకు చేత్తో తాకని మనిషి. మడి చీర కొంగు కుండలోని నీళ్లలో తడిపి, దాని పాదాలకు, పొట్టకు అద్దుతూ, పక్కింటి అబ్బాయిని కేకేసి ఆటో పిలిపించి, దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లారు. నేను వెళ్లేసరికి సెలైన్ ఎక్కుతోంది. అత్తయ్యగారు తడి చీరతో బల్ల మీద కూర్చుని ఉన్నారు. "ఐసు నీళ్లు పోయలేదమ్మా, పసిపిల్లలకు వడదెబ్బ తగిలితే పోయంగా" అన్నారు నాతో. ఆమె చేసిందే సరైనదని డాక్టరు చెప్పారు. ఒక్కసారిగా మంచునీళ్లు పోస్తే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని వేడి లోపలే ఉండిపోతుంది. చల్లని మామూలు నీళ్లతో పాదాలు, పొట్ట తడపాలి, గాలి తగలనివ్వాలి, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి చేర్చాలి.

గవ్వ బతికింది. మూడు రోజులు తిండి ముట్టలేదు, తర్వాత కోలుకుంది.

ఇప్పుడు మా ఏర్పాటు ఇది. దాన్ని ఇంటి మధ్యగదిలోకి మార్చాము, పడమటి ఎండ తగలదు. గోడకు థర్మామీటరు ఉంది. ఫ్రీజర్‌లో ఎప్పుడూ ఆరు నీళ్ల సీసాలు గడ్డకట్టి ఉంటాయి. కరెంటు పోతే రెండు సీసాలు గుడ్డలో చుట్టి దాని పక్కన పెడతాము, అదే వచ్చి ఆనుకుంటుంది. గంటలో కరెంటు రాకపోతే, జనరేటరు ఉన్న మా స్నేహితురాలి అపార్టుమెంటుకు, మొగల్రాజపురానికి, తీసుకువెళ్తాము. ఆమెతో ముందే మాట్లాడి పెట్టుకున్నాను. వేసవిలో మేమందరమూ కలిసి ఊరికి వెళ్లడం మానేశాము, ఎవరో ఒకరు ఇంట్లో ఉంటారు. మా చెల్లెలి కూతురి పెళ్లికి కూడా మా వారు ఆగిపోయారు. కరెంటు బిల్లు పెరిగింది. ఇవన్నీ లెక్క వేసుకునే తెచ్చుకోవాలి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు మునిగినప్పుడు, మా బడిలోని ఒక టీచరమ్మ కుటుంబం రోజుల తరబడి మేడ మీదే ఉండిపోయింది. ఆమె చెప్పింది విన్నాక నేను గవ్వకు కూడా ఒక సంచి సర్దాను. వారానికి సరిపడా గుళికలు, నీళ్ల సీసా, టీకాల కాగితం, పాత గుడ్డ. బుట్ట పక్కనే తగిలించి ఉంటుంది.

సమయం అవుతోంది. ప్రశ్నలు ఉంటే అడగండి.

(ఒక శ్రోత: ఇన్ని కష్టాలు ఉన్నప్పుడు తమ్ముడు తిరిగి రాగానే ఇచ్చేయవలసింది కదమ్మా?)

తమ్ముడు వచ్చాడు మాస్టారు, చెప్పిన ప్రకారం రెండేళ్లకే వచ్చాడు. బుట్ట కూడా తెచ్చాడు. గవ్వ వాడిని వాసన చూసి, తిరిగి వచ్చి అత్తయ్యగారి కాళ్ల దగ్గర పడుకుంది. వాడు ఒక రాత్రి ఉండి ఖాళీ బుట్టతో వెళ్లాడు.

(ఒక విద్యార్థిని: ఒక్కటే ఉంటే దానికి దిగులు ఉండదా టీచర్?)

ఉంటుందమ్మా. ఫెర్రెట్లకు జత ఉంటే మంచిది. మేము రెండోదాన్ని తేలేదు, ఎందుకంటే ఈ ఎండలో రెండు ప్రాణాలను కాపాడగలనన్న ధైర్యం నాకు లేదు. దానికి బదులుగా మా సమయం ఇస్తున్నాము. అది పూర్తిగా సమానం కాదని నాకు తెలుసు.

(మరొక శ్రోత: ఎన్నేళ్లు బతుకుతుంది?)

ఆరు నుంచి ఎనిమిదేళ్లు. గవ్వకు ఈ ఆషాఢానికి నాలుగు నిండుతాయి. ఈ వయసు నుంచి వీటిలో క్లోమంలో గడ్డలు రావడం మామూలు. అవి ఇన్సులిన్ ఎక్కువగా వదిలి చక్కెరను పడేస్తాయి. ఇందాక చెప్పిన వెనక కాళ్లు ఈడ్చడం దానివల్లే. పది రోజుల కిందట ఒక పొద్దున లేచి, నాలుగు అడుగులు వేసి ఆగి, గోడను చూస్తూ నిలబడింది. తర్వాత మామూలుగానే ఆడుకుంది. అత్తయ్యగారు కూడా చూశారు. మంగళవారం రక్తపరీక్షకు తీసుకువెళ్తున్నాము. డాక్టరు గారు పొద్దున ఏడింటికే, ఎండ రాకముందే రమ్మన్నారు.